తలుపు చప్పుడు

భయపెట్టే సినిమాలు నాకు తెలిసినంతలో రెండు రకాలు. మొదటి రకం కుర్చీలోంచి ఎగిరిపడేలా చేస్తాయి. అవి అయిపోగానే దీపం వేసుకుని, కాసిని మజ్జిగ తాగి, హాయిగా నిద్రపోవచ్చు. రెండో రకం చూస్తున్నంతసేపూ మరీ అంత భయపెట్టినట్లుండవు. వారం పది రోజుల తరువాత ఏ అర్ధరాత్రో వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ ఉండగా, వీపు వెనక ఖాళీ ఉందన్న సంగతి హఠాత్తుగా గుర్తుకు వస్తుంది. 2008లో వచ్చిన 'ది స్ట్రేంజర్స్' ఈ రెండో రకానికి చెందినది. ఇన్నేళ్ళలో దానిని మూడుసార్లు చూశాను. మూడుసార్లూ మూడు వేర్వేరు సంగతులకు భయపడ్డాను. ఆ మూడింటి గురించే ఈ టపా.

ముందే ఒక హెచ్చరిక. కథ చివరిదాకా చెప్పక తప్పదు. చూడాలన్న కోరిక ఉన్నవారు ముందు చూసి రండి. సినిమా గంటన్నర కూడా లేదు, నా రాత ఎక్కడికీ పారిపోదు.

పేరుకు అర్థం 'అపరిచితులు'. మన శంకర్ తీసిన 'అపరిచితుడు'తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. రాసి, దర్శకత్వం వహించినది బ్రయన్ బెర్టినో. అతనికి ఇదే తొలి చిత్రం. కథానాయిక క్రిస్టెన్‌గా లివ్ టైలర్ నటించింది; 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చిత్రాల్లో ఆర్వెన్ అంటే చాలామందికి వెంటనే గుర్తుకు వస్తుంది. జేమ్స్‌గా స్కాట్ స్పీడ్‌మన్. దక్షిణ కెరొలైనాలో, దాదాపు 90 లక్షల డాలర్ల ఖర్చుతో తీశారు. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లర కిందే జమ. ప్రపంచమంతటా కలిపి 8 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

కథ చాలా చిన్నది. ఒక స్నేహితుడి పెళ్ళి విందు నుంచి క్రిస్టెన్, జేమ్స్ రాత్రి పొద్దుపోయాక ఒక ఇంటికి చేరుకుంటారు. జేమ్స్ కుటుంబం వేసవిలో వచ్చి గడిపే ఇల్లు అది. చుట్టూ చెట్లు, దరిదాపుల్లో మరో దీపం లేదు. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ ఎవరో తలుపు కొడతారు. ఒక అమ్మాయి. వాకిట్లో దీపం వెలగడం లేదు గనుక ఆమె ముఖం కనిపించదు. 'టమారా ఉందా?' అని అడుగుతుంది. ఆ పేరు గలవారు ఇక్కడెవరూ లేరంటాడు జేమ్స్. ఆమె మారు మాట్లాడకుండా, మళ్ళీ కలుద్దామని చెప్పి చీకట్లోకి వెళ్ళిపోతుంది. ఆమె వెంట మరో ఇద్దరున్నారు. ముగ్గురికీ ముసుగులు. తెల్లవారేసరికి ఆ ముగ్గురూ కలిసి ఈ ఇద్దరినీ కుర్చీలకు కట్టేసి పొడుస్తారు. ఇంతే కథ.

మొదటిసారి చూసినప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. హైదరాబాదులో నలుగురం కలిసి అద్దెకున్న గది, అందులో ఒకే ఒక కంప్యూటరు, దానిలో డీవీడీ. అప్పుడు నన్ను భయపెట్టినది వంటింటి దృశ్యం. జేమ్స్ సిగరెట్ల కోసం కారు వేసుకుని బయటికి వెళ్ళాడు. క్రిస్టెన్ ఒంటరిగా ఉంది. ఆమె తెర ముందుభాగంలో నిలబడి నీళ్ళు తాగుతూ ఉంటుంది. ఆమె వెనక, గది అవతల, గుమ్మం నీడల్లోంచి గోనెసంచిలాంటి ముసుగు వేసుకున్న మనిషి ఒకడు మెల్లగా కనిపిస్తాడు. నడిచి రాడు. మీద పడడు. ఊరికే నిలబడి చూస్తూ ఉంటాడు. సంగీతం లేదు. కెమెరా కదలదు, వాడి ముఖం దగ్గరికి పోదు. 'అదిగో చూడు' అని దర్శకుడు మనకు వేలుపెట్టి చూపించడు. మన నలుగురిలో ఒకడు ముందు గమనించి ఊపిరి బిగబట్టాడు, మరొకడు 'ఏమయిందిరా?' అన్నాడు, అప్పుడు అందరమూ చూశాము. ఆమె వెనక్కి తిరిగేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆ మనిషి ఇంట్లోకి వచ్చాడని మనకు తెలుసు. ఆమెకు తెలియదు. ఇక అక్కడి నుంచి తెరమీద ఆమె ఏ మూల నిలబడినా మన కళ్ళు ఆమె మీద ఉండవు. ఆమె వెనక ఉన్న చీకటిని వెతుకుతూ ఉంటాయి.

ఈ పద్ధతిలోని నేర్పు నాకు తరువాత అర్థమయింది. చప్పుడుతో ఉలిక్కిపడేలా చేసే దర్శకుడు మన చెవిని వాడుకుంటాడు. ఇతను మన ఓర్పును వాడుకున్నాడు. ఇంట్లో ఒక పాత రికార్డు ప్లేయరు ఉంటుంది. దాని మీద కంట్రీ పాటలు తిరుగుతూ ఉంటాయి. పాట నడుస్తున్నంతసేపూ బయటి అలికిడి వినబడదు. పాట ఆగగానే ప్రతి చిన్న చప్పుడూ వినబడుతుంది. పొగకు మోగే అలారం మోత భరించలేక క్రిస్టెన్ దానిని పీకి నేల మీద పడేస్తుంది. కాసేపటి తరువాత చూస్తే అది నేల మీద ఉండదు, కుర్చీలో ఉంటుంది. రక్తం లేదు, అరుపు లేదు. ఒక వస్తువు జరిగింది, అంతే. సినిమా మొత్తంలో మా గది వాతావరణాన్ని అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టినది ఆ వస్తువు. ఆ రాత్రి నలుగురం దీపం ఆర్పకుండా పడుకున్నాము. ఎవరూ పైకి ఒప్పుకోలేదు; చదువుకోవాలన్నాడొకడు.

ఈ సినిమా ఎందుకింత వేరుగా ఉందో ఆ రోజుల్లో చాలా ఆలోచించాను. మన దెయ్యాల సినిమాలన్నిటికీ ఒక లెక్కలపుస్తకం ఉంటుంది. 2005 నాటి 'చంద్రముఖి'లో నాట్యకత్తెకు అన్యాయం జరిగింది గనుక పగ. 2009 నాటి 'అరుంధతి'లో పశుపతికి అవమానం జరిగింది గనుక పగ. అప్పు ఉంది, తీరాలి. అది తీరే మార్గం ఎక్కడో తాళపత్రంలోనో, పెద్దమనిషి నోటనో ఉంటుంది. దెయ్యం లేని కథల్లోనూ అంతే. చంద్రశేఖర్ యేలేటి 2005లో తీసిన 'అనుకోకుండా ఒక రోజు'లో ఆ అమ్మాయిని ముక్కూ మొహం తెలియని మనుషులు ఎందుకు చంపాలనుకుంటున్నారో ఆమెకూ మనకూ తెలియదు. ఆ తెలియకపోవడమే ఆ సినిమాకు ప్రాణం. కానీ చివరికి కారణం దొరుకుతుంది. దొరికాక మనసు కుదుటపడుతుంది. అమ్మయ్య, ఇదా సంగతి అనుకుని లేస్తాము.

'ది స్ట్రేంజర్స్' ఆ 'అమ్మయ్య'ను మనకివ్వదు. తెల్లవారాక, కుర్చీలకు కట్టేసి ఉన్న క్రిస్టెన్ అడుగుతుంది, ఎందుకు మమ్మల్నిలా చేస్తున్నారని. వాళ్ళలో ఒక అమ్మాయి చాలా మామూలుగా జవాబు చెబుతుంది. మీరు ఇంట్లో ఉన్నారు కాబట్టి, అని. ఆ తరువాత ముసుగులు తీసేస్తారు. వాళ్ళ ముఖాలు ఆ ఇద్దరికీ కనబడతాయి, మనకు కనబడవు. నాకు ఇక్కడ మా చిన్నప్పటి ఊరు గుర్తుకు వస్తుంది. తొంభైల తొలినాళ్ళలో మా వీధిలో చాలా ఇళ్ళ తలుపుల మీద బొగ్గుతోనో, సుద్దముక్కతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి, బాగా ఎరిగినవాళ్ళ గొంతుతో పిలిచి తలుపు కొడుతుందని, తీసినవాళ్ళు బతకరని పుకారు. ఆ రాత చదివి అది వెనక్కి పోతుంది. మర్నాడు వస్తుంది, మళ్ళీ చదువుతుంది, మళ్ళీ పోతుంది. మా అమ్మ మాత్రం మా తలుపు మీద రాయనివ్వలేదు. దెయ్యానికి చదువొచ్చునని మీకెవరు చెప్పారర్రా, అని నవ్వేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ దెయ్యం ఎంత మర్యాదస్తురాలో అనిపిస్తుంది. దానికీ మనకూ మధ్య ఒక ఒప్పందం ఉంది. రేపు రమ్మంటే నమ్మి వెళ్ళిపోతుంది. బెర్టినో సినిమాలో అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఆ మాటనే తిప్పి చెబుతుంది. మళ్ళీ వస్తానని తనే అంటుంది, చెప్పినట్లే వస్తుంది. ఆమెను ఆపడానికి తలుపు మీద రాయదగిన మాట మన దగ్గర లేదు.

సినిమా మొదట్లో ఒక గొంతు గంభీరంగా వినిపిస్తుంది. ఎఫ్‌బీఐ అంచనా ప్రకారం అమెరికాలో ఏటా 14 లక్షల హింసాత్మక నేరాలు జరుగుతాయని, 2005 ఫిబ్రవరి 11 రాత్రి ఈ ఇద్దరికీ జరిగినది పూర్తిగా ఎవరికీ తెలియదని చెబుతుంది. ఇవి నిజ సంఘటనల ప్రేరణతో తీసినవని కూడా అంటుంది. అయితే ఈ పేర్లతో, ఈ తేదీన జరిగిన నిజమైన కేసేదీ దీని వెనక లేదు. ప్రేరణ ఏమిటో బెర్టినో స్వయంగా చెప్పాడు. చిన్నప్పుడు పెద్దవాళ్ళు ఇంట్లో లేని ఒక రాత్రి ఎవరో వచ్చి తలుపు కొట్టారట. చెల్లెలు తలుపు తీసింది. వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో లేని మనిషి పేరు చెప్పి అడిగి వెళ్ళిపోయారు. తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, వాళ్ళు ఆ చుట్టుపక్కల తలుపులు కొట్టి చూస్తూ, ఎవరూ పలకని ఇళ్ళలో దొంగతనాలు చేశారు. అంటే అసలు సంఘటనలో ఇంట్లో ఉండటమే ఆ పిల్లలను కాపాడింది. సినిమాకు వచ్చేసరికి అదే ప్రాణం తీసే కారణమయింది. ఈ తలకిందులు చేయడంలోనే ఆ రచయిత ప్రతిభ ఉందని నా అభిప్రాయం.

రెండో ప్రేరణ 1969 ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లో చార్లెస్ మాన్సన్ ముఠా చేసిన హత్యలు. మొదటి రాత్రి నటి షారన్ టేట్ ఉన్న ఇంట్లో అయిదుగురిని చంపారు. అదే ఇంట్లో అంతకుముందు అద్దెకున్న సంగీత నిర్మాతకు, మాన్సన్‌కు పరిచయం ఉండేది. చనిపోయినవారు మాత్రం ఆ రాత్రి ఆ ఇంట్లో ఉన్నవారు. మరుసటి రాత్రి తమ ఇంట్లో తామున్న లాబియాంకా దంపతులను చంపారు. వారికి ఆ హంతకులెవరో తెలియదు. సినిమాలో ఆ అమ్మాయి చెప్పే ముక్కసరి జవాబు వెనక ఇంత చరిత్ర ఉంది.

రెండోసారి నా పెళ్ళయిన కొత్తలో చూశాను. దెయ్యాలంటే భయం లేదని మా ఆవిడ పందెం కాసింది. సగం చూసి లేచిపోయింది, భయంతో కాదు, విసుగుతో. 'వాళ్ళిద్దరి గొడవ తేలనే లేదు, మధ్యలో వీళ్ళెందుకు వచ్చారండీ?' అంది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. నిజానికి ఆ సినిమా మీద నేను విన్న విమర్శలన్నిటిలోకీ సూటి అయినది అదే.

వాళ్ళ గొడవ ఏమిటంటే, విందులో జేమ్స్ పెళ్ళి చేసుకుందామని అడిగాడు. క్రిస్టెన్ తాను ఇంకా సిద్ధంగా లేనన్నది. ఒప్పుకుంటుందన్న నమ్మకంతో అతను ముందే ఇల్లంతా అలంకరించి పెట్టాడు. గులాబీ రేకులు, కొవ్వొత్తులు, షాంపేను. తిరస్కారం తరువాత ఆ ఇద్దరూ ఆ అలంకారం మధ్యకే రావాల్సి వచ్చింది. మొదట మనకు వాళ్ళను చూపించేదే కారులో, ఎర్రదీపం దగ్గర ఆగి ఉండగా. ఆమె కళ్ళలో నీళ్ళు, అతను మాట్లాడడు. ఇంటికి వచ్చాక అతను డబ్బాలోంచి ఐస్‌క్రీము తింటాడు. ఉంగరం పెట్టె బల్ల మీద ఉంటుంది, ఇద్దరూ దానివైపు చూడరు. ఎవరికీ కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఎదుటి మనిషిని ఇంకా నొప్పించకూడదన్న జాగ్రత్త మాత్రమే ఉంది. ఆ జాగ్రత్త ఎంత దూరాన్ని తెస్తుందో పెళ్ళయినవారికి చెప్పనవసరం లేదు. పొద్దున్నే వచ్చి తనను తీసుకుపొమ్మని జేమ్స్ స్నేహితుడు మైక్‌కు ఫోను చేస్తాడు. హంతకులు తలుపు కొట్టేసరికే ఆ ఇంట్లో ఇద్దరు అపరిచితులున్నారు.

రెండోసారి నాకు భయం కలిగించినది ఇదే. ఇంట్లో ఎవరో ఉన్నారని క్రిస్టెన్ చెబితే జేమ్స్ వెంటనే నమ్మడు. మామూలు రోజయితే నమ్మేవాడే. ఆ రాత్రి ఆమె మాట మీద అతనికి అలక ఉంది, ఆమెకు అతన్ని గట్టిగా అడిగే చనువు పోయింది. ఆ కాస్త సందులోంచే ముసుగు మనుషులు లోపలికి వచ్చారు. నెమ్మదిగా సాగుతుందని చాలామంది విసుక్కునే ఆ మొదటి భాగం లేకపోతే మిగతాదంతా ఉత్త పరుగుపందెం. మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఒకటే: గొడవ తేలేదాకా ఆపద ఆగదు. తెలియనివాళ్ళు వస్తే సగం మాటలో వస్తారు. ఈ సంగతి ఆమెకు చెప్పాను. 'అయితే గొడవలు వెంటనే తేల్చుకోవాలన్నమాట' అని, అంతకు ముందురోజు నుంచి నేను దాటవేస్తున్న ఒక విషయం ఎత్తింది. సినిమాల వల్ల ప్రయోజనం లేదనేవారు ఇది గమనించగలరు.

మూడోసారి చూసినది కిందటేడు. దానికి కారణం మా అమ్మ.

నాన్నగారు పోయాక అమ్మ మా ఊళ్ళోనే ఒక్కతే ఉంటున్నది. పాత పెంకుటిల్లు, ముందు వీధి అరుగు, రెండు రెక్కల తలుపు. పొద్దున్న పాల మనిషి వచ్చింది మొదలు రాత్రి పడుకోబోయేదాకా ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఒకరోజు ఫోనులో ఆవకాయ కబుర్ల మధ్య మామూలుగా చెప్పింది. ముందురోజు రాత్రి కరెంటు పోయి ఉండగా ఎవరో మనిషి వచ్చి తలుపు కొట్టాడట. ఎవరిదో పేరు చెప్పి, వారి ఇల్లు ఇదేనా అని అడిగాడట. కాదని చెప్పి, అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ పేరు గలవాళ్ళు వెనక వీధిలో ఉండాలని దారి చెప్పి పంపించిందట. చీకట్లో అతని ముఖం చూశావా అని అడిగాను. 'చీకట్లో ముఖమెలా కనబడుతుందిరా?' అంది. నాకు ఫోను పట్టుకున్న చేయి చల్లబడింది. కెరొలైనా అడవిలో ఉన్న ఆ వాకిలి, వెలగని ఆ దీపం కళ్ళముందు నిలిచాయి.

మర్నాటి నుంచి నా పోరు మొదలయింది. తలుపుకు కన్నం పెట్టించి అద్దం బిగించాలి, ముందు ఇనుప గ్రిల్లు వేయించాలి, చీకటి పడ్డాక లోపల గడియ వేసుకోవాలి. అమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది. 'బాత్రూములో కాలు జారి పడ్డాననుకో. లోపలినుంచి గడియలన్నీ వేసుకుని ఉంటే ఎవరొస్తారు నాన్నా?' నా దగ్గర జవాబు లేదు. మా వెనక వీధిలో ఒక రిటైరయిన మాస్టారు అలాగే పోయారు. పిల్లలు దూరాన ఉన్నారని, జాగ్రత్త కోసం ఆయన తలుపుకు పై గడియ, కింది గడియ పెట్టుకునేవారు. రెండు రోజుల తరువాత తలుపు పగలగొట్టి చూడవలసి వచ్చింది. అమ్మకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆ ఇంటికి కాఫీ పట్టుకెళ్ళినది ఆమే.

ఆ వారంలోనే ఆ సినిమా మళ్ళీ చూశాను. ఈసారి నా చూపు హంతకుల మీదా లేదు, ఆ జంట మీదా లేదు. మైక్ మీద ఉంది. మొదటి రెండుసార్లు అతన్ని కథలో ఒక మలుపుగా మాత్రమే చూశాను. మైక్ రమ్మన్న సమయానికి ముందే వస్తాడు. కారు అద్దం పగిలి ఉండటం చూసి, ఏదో జరిగిందని గ్రహించి, భయపడుతూనే ఇంట్లోకి వస్తాడు. లోపల పాట మోగుతోంది. అతని వెనకే ముసుగు మనిషి గొడ్డలితో నడుస్తున్నాడు. గది చివర జేమ్స్, క్రిస్టెన్ తుపాకీ పట్టుకుని తలుపువైపు గురిపెట్టి కూర్చుని ఉన్నారు. గుమ్మంలో ఒక మనిషి కనబడగానే జేమ్స్ కాల్చేస్తాడు. ఆ రాత్రి ఆ ఇంటికి సాయం చేయగలిగినవాడు ఒక్కడే వచ్చాడు, అతన్ని ఇంటివాళ్ళే చంపుకున్నారు. ముసుగు మనిషికి గొడ్డలి ఎత్తే అవసరం కూడా రాలేదు.

ఇది సినిమా కల్పన అని కొట్టిపారేయలేము. 1992 అక్టోబరులో లూసియానాలోని బాటన్ రూజ్‌లో యోషిహిరో హట్టోరి అనే 16 ఏళ్ళ జపాను విద్యార్థి హాలోవీన్ విందుకు వెళుతూ, పొరపాటున వేరే ఇంటి గంట నొక్కాడు. ఇంటాయన తుపాకీతో కాల్చాడు. ఆ కుర్రవాడు చనిపోయాడు. తరువాత క్రిమినల్ కేసులో ఆ ఇంటాయన నిర్దోషి అని జ్యూరీ తీర్పునిచ్చింది. 2023 ఏప్రిల్‌లో మిస్సోరిలోని కాన్సస్ సిటీలో తమ్ముళ్ళను ఇంటికి తీసుకువెళ్ళడానికి వచ్చిన మరో 16 ఏళ్ళ కుర్రవాడు, ఒకేలాంటి పేర్లున్న వీధుల మధ్య తికమకపడి వేరే ఇంటి గంట నొక్కాడు. తలుపు వెనక 84 ఏళ్ళ వృద్ధుడు. అతనూ కాల్చాడు. అదృష్టవశాత్తు ఆ కుర్రవాడు బతికాడు. తప్పు తలుపు కొట్టి, లేని మనిషిని అడిగే అపరిచితుడి కథకు ఇది రెండో పక్క. మొదటి పక్కను మనకు సినిమాలు మళ్ళీ మళ్ళీ చూపిస్తాయి. బెర్టినో మాత్రం, తెలిసి చేశాడో తెలియక చేశాడో, మైక్ రూపంలో రెండో పక్కను కూడా అదే ఇంట్లో పెట్టాడు.

రోజర్ ఎబర్ట్ ఈ చిత్రానికి ఒకటిన్నర నక్షత్రాలే ఇచ్చాడు. పనితనాన్ని మెచ్చుకుంటూనే, ఆ పనితనం ఇలాంటి కథను కాపాడలేదన్నాడు. ఇద్దరు మంచి మనుషులను గంటన్నరసేపు హింసించి చంపడం చూసి మనకు ఒరిగేదేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. సినిమాలో లోపాలు కూడా తక్కువేమీ కాదు. ఒకరిని ఒకరు విడిచి వెళ్ళకూడని ప్రతి చోటా విడిచి వెళతారు. పరుగెత్తే నాయిక పడక తప్పదన్న పాత నియమం ఇక్కడా అమలయింది. అయినా కారణం చెప్పకుండా ఊరుకున్న ఆ నిగ్రహం కోసం నేను మిగతావన్నీ క్షమించాను. ఆ నిగ్రహం ఎంత కష్టమో తరువాత వచ్చినవి చూస్తే తెలుస్తుంది. 2018లో రెండో చిత్రం వచ్చింది. 2024 నుంచి రెన్నీ హార్లిన్ దర్శకత్వంలో మూడు భాగాల కొత్త వరుస మొదలయింది. 2025 నాటి భాగంలో హంతకుల చిన్నతనంలోకి తొంగిచూసే ప్రయత్నం కూడా చేశారు. వాళ్ళకు గతం దొరికిన కొద్దీ వాళ్ళ మీద నాకు భయం తగ్గింది.

ఇక మా అమ్మకూ నాకూ మధ్య రాజీ ఎలా కుదిరిందో చెబుతాను. గ్రిల్లు వేయించాము. తాళంచెవి ఒకటి ఎదురింటివారి దగ్గర ఉంటుంది. చీకటి పడ్డాక ఎవరైనా వస్తే ముందు కిటికీలోంచి 'ఎవరది?' అని అడుగుతానని ఒప్పుకుంది. అడుగుతున్నది కూడా. అయితే జవాబు ఏదైనా సరే, తరువాత తలుపు తీస్తున్నది. పగలంతా గ్రిల్లు బార్లా తెరిచే ఉంటుంది. దాని ఊచల మీద తువ్వాళ్ళు ఆరతాయి. నా భయం పోలేదు. ఆమె చెప్పినదాంట్లో తప్పు కూడా దొరకలేదు. రాత్రి తొమ్మిది దాటాక ఆమె ఫోను ఎత్తకపోతే, ఆ తలుపు తెరిచి ఉండాలని కోరుకోవాలో, మూసి ఉండాలని కోరుకోవాలో నాకు తెలియదు.

సినిమా చివర ఒక సంగతి ఉంది. మూడోసారి చూసేదాకా దానిని నేను లెక్కలోకి తీసుకోలేదు. హంతకులు పట్టపగలు తమ వాహనంలో తిరిగి వెళుతూ, దారిలో మతప్రచారం కరపత్రాలు పంచుతున్న ఇద్దరు కుర్రవాళ్ళ దగ్గర ఆగుతారు. వారిలో ఒక అమ్మాయి ఒక కరపత్రం అడిగి తీసుకుంటుంది. తరువాత ఆ కుర్రవాళ్ళు ఈ ఇంటికి వస్తారు. కారు అద్దాలు పగిలి ఉన్నాయి, గోడల మీద రక్తం ఉంది. వెనక్కి తిరిగి పారిపోవచ్చు. ఎవరి ఇల్లో వాళ్ళకు తెలియదు, లోపల ఎవరున్నారో తెలియదు. అయినా భయపడుతూనే లోపలికి వెళతారు. నేల మీద పడి ఉన్న క్రిస్టెన్ చేయి చాచి ఒక కుర్రవాడిని పట్టుకుంటుంది, గట్టిగా అరుస్తుంది. సినిమా అక్కడ ఆగిపోతుంది. మొదట్లో వినిపించే పోలీసు ఫోను వాళ్ళు చేసినదే. ఆ ఇంటికి ఆ పూట పిలవకుండా వచ్చినవారిలో ఆఖరివాళ్ళు ఆ ఇద్దరు. వాళ్ళూ అపరిచితులే. వాళ్ళు వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది.